నలభై సెకన్లు

మన ఫైనల్ రోజు కొత్తనూరులో
నా జిరాక్స్ అంగడి ముందరే టీవీ పెట్టినాం.
బండ్లు ఆగినాయి. బొరుగులాయన
పొట్లం సగం చుట్టి అట్లే నిలబడిపోయినాడు.
ఆ గుంపులో ముటింటా ఉంది,
ఫార్మసీ మూడో సంవత్సరం, జాంబియా పిల్ల.
ఎవరో చంటోడు ఆమె చెంపకు మూడు రంగులు పూసినాడు.
అందరూ ఎగిరినాక ఒక క్షణం ఆలస్యంగా ఎగిరేది,
నా మోచేయి పట్టుకోని అడిగేది:
"అన్నా, ఇది మనకు మంచిదా, చెడ్డదా?"
మనకు, అనింది. బాగా గుర్తు.

పోయిన ఆదివారం రాత్రి పదకొండున్నరకు వచ్చింది.
పీజీలో వైఫై కట్టేస్తారంట.
"మా వాళ్ళది ఫైనల్. ఫుట్‌బాల్."
హెణ్ణూరు రోడ్డు మీద కంకర లారీలు తప్ప చప్పుడు లేదు.
ఎదురుగా దర్శినిలో నేల కడుగుతా ఉన్నారు.
ఎక్కడో ఒక దేశానికి దేశమే వీధిలోకొచ్చిన రాత్రి
మా వీధిలో కుక్క కూడా తల ఎత్తలేదు.

షట్టర్ సగం దించినాను.
మొదట జెండా ప్రింటు తీయమనింది.
మెజెంటా అయిపోయి నెల.
ఎరుపు పట్టీ, నారింజ పట్టీ, రెండూ పసుపుగా వచ్చినాయి.
ఏమీ అనలేదు.
కౌంటర్ మీది ఎర్ర స్కెచ్ పెన్ను అందుకోని
రికార్డు బుక్కులో గుండె బొమ్మ దిద్దినట్టు
గీత దాటకుండా దిద్దింది.
నారింజ కోసం మాత్రం
పసుపు మీద ఎరుపు వేలితో పల్చగా రుద్దింది.

ఏ ఫోర్ బండిల్ మీద కూచోని,
ఆధార్ కార్డులు తీసే కంప్యూటర్లో ఆట పెట్టి,
ఒళ్ళో ఫోను, స్పీకర్లో:
చోమాలో వాళ్ళమ్మ, పిన్నమ్మలు, పక్కింటోళ్ళు, ఒక కోడి.

అప్పుడు గమనించినాను.
బంతి ఇంకా మధ్య గీత కాడ దొర్లుతానే ఉంది,
ఫోనులో ఇల్లు పేలింది. పళ్ళేలు మోగినాయి.
ముటింటా లేచి నిలబడింది.
తెర చూసినాను. ఏమీ లేదు.
ఒకడు వంగి బూటు లేసు కట్టుకుంటా ఉన్నాడు.
తర్వాత, నిదానంగా,
మనియార్డరు మాదిరి గోలు వచ్చింది.
నేను ఒక క్షణం ఆలస్యంగా ఎగిరినాను.
"మనకు మంచిదే కదా?"

నలభై సెకన్లు. గోడ గడియారంలో లెక్కపెట్టినాను.
అవతలోళ్ళు గోలు కొట్టినప్పుడూ అంతే,
ముందు ఆమె మొహం వాడింది,
ఆ తర్వాతే వాళ్ళు కొట్టినారు.

సమం. పెనాల్టీలు.
ఐదోవాడు, వాళ్ళవాడే,
బంతిని చుక్క మీద పెట్టి వెనక్కి నడుస్తా ఉన్నాడు.
ఫోనులో ఇల్లు ఆగిపోయింది,
కరెంటు పోతే కదిరిలో మా వీధి ఆగుతుందే, అట్లా.
ఎవరో కుర్చీ జరిపినారు.
వాళ్ళమ్మ ఆమె పేరు పిలిచింది. ఒక్కసారే.

ముటింటా ఫోను బోర్లా పెట్టింది.
ఏడుస్తుందనుకున్నాను.
తెర వైపు ఇంకొంచెం జరిగింది.
వాడు నడుం మీద చేతులు పెట్టి ఊపిరి తీసుకుంటా ఉంటే
ఈమె చప్పట్లు మొదలుపెట్టింది,
వాడి పేరు పిలుస్తా,
వాళ్ళ భాషలో ఏందో నచ్చచెప్తా,
మొదటి రోజు బడికి పోయే పిల్లోనికి చెప్పినట్టు.
"వద్దు మా," అనబోయినాను.
చేయి అడ్డం పెట్టింది.
"ఇంకా ఇక్కడికి రాలేదన్నా."

వచ్చింది.

మూడుంపావు. పీజీ గేటు ఐదింటికి గానీ తీయరు.
పొద్దున ఇయ్యాల్సిన స్పైరల్ బైండింగులు పదకొండు ఉన్నాయి.
నేను రంధ్రాలు వేసినాను, ఆమె తీగ తిప్పింది.
పాల వ్యాను వచ్చేదాకా ఇద్దరం మాట్లాడలేదు.
ఒకసారి మాత్రం,
ఎవరి ప్రాజెక్టో, ముప్పై ఎనిమిదో పేజీ తలకిందులుగా ఉందని
చూపించింది.

జెండా నా కాడే ఉండిపోయింది.
లామినేషన్ చేద్దామంటే
వేడికి ఆ ఎరుపు పాకుతుందేమోనని భయం.
కలర్ ప్రింటు ఒకటి, పది రూపాయలు.
బాకీ పుస్తకంలో రాయలేదు.